చుట్టం కారు

విశాఖపట్నం, పాతపట్నం
24 అక్టోబరు 2024

త్రినాథా,

కవరు చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. మీ అక్క ధనలక్ష్మి నిక్షేపంలా ఉంది. పొద్దున్న లేచింది మొదలు నాలో లోపాలు వెతుకుతోంది, ఆరోగ్యానికి అంతకంటే రుజువేం కావాలి. ఉత్తరం ఎందుకంటావా, నీతో ఫోను నావల్ల కాదు. జీడిపిక్కల మిల్లు మోతలో నీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, మీ తోటలో సిగ్నలు లేదు. నువ్వు "ఆఁ?" అంటావు, నేను "ఆఁ" అంటాను, అక్కడితో సంభాషణ సమాప్తం. వాట్సాప్‌లో నువ్వు రోజూ మిల్లు నుంచి పంపేది అదే గులాబీ. అది కూడా వాడిపోయినట్టే ఉంటోంది ఈమధ్య.

సరే, విషయానికి వస్తాను. నీ కూతురు సత్యశ్రీ మొన్న వచ్చి అంతా చెప్పింది. మీ ఉద్దానం జీడితోటలో గుడారాలు వేస్తుందట, పట్నం జనం కార్లేసుకుని వచ్చి చెట్లకింద పడుకుంటారట, పొద్దున్నే చద్దన్నం తిని ఫొటోలు దిగి పోతారట. దాన్ని క్యాంపింగ్ అంటారు. మన చిన్నతనంలో ఇల్లు కురిసినప్పుడల్లా మనం చేసింది అదే, పేరు తెలీక బాధపడ్డాం. వచ్చినవాళ్ళని కస్టమర్లు అనకూడదు, చుట్టాలు అనాలి అని కూడా నియమం పెట్టుకుందిట. తెలివైన పిల్ల. మీ అక్క పోలిక.

కానీ నువ్వు పెట్టిన షరతు కూడా చెప్పింది. తోటని గోడౌను కట్టుకునే ఆసామికి లీజుకిచ్చి చెట్లు కొట్టించడానికి నువ్వు సిద్ధం. ఆ పిల్ల బతిమాలితే ఈ కార్తీకమాసం గడువిచ్చావు. ఈలోగా ఏ చుట్టం బండికైనా ఎలుగుబంటి గోరు తగిలిందా, గుడారాలు మడిచెయ్యాలి, పోలిపాడ్యమి దాటగానే ఆసామి చేత సంతకం పెట్టించేస్తావు. అంతేనా?

అయితే విను. ఎలుగు నుంచి కారుని కాపాడే విద్య నా దగ్గర ఉంది. నేను బడిలో ఐదు దాటనివాణ్ణని నీకు తెలుసు. పోర్టులో క్రేను తోలుతూ, ఓడల్లోంచి దిగే పెట్టెల మీద రాతలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. "ఈ వైపు పైకి", "జాగ్రత్త, పగులును" అన్నవి ఇంగ్లీషులో కనపడితే నాకు ఇప్పటికీ సొంతవాళ్ళు పలకరించినట్టే ఉంటుంది. ఆ చదువుతోనే ఇప్పుడొక పుస్తకం చదువుతున్నాను. ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికింది. ఏ నావికుడు వదిలేశాడో, మధ్య పేజీలో చేపలపులుసు మరక. అడవిలో బస చేసేవాళ్ళు కార్లని ఎలుగుల నుంచి ఎలా కాపాడుకోవాలో అందులో ఒక అధ్యాయం ఉంది. ఆ దేశపు ఎలుగులు పిడి పట్టుకుని తలుపు తీసి కారెక్కుతాయట. తలుపు వెనకనుంచి మూసుకుపోతే సీట్లు చీల్చి హారను మోగిస్తూ కూర్చుంటాయట. మా వీధిలో పార్కింగ్ దొరకనివాళ్ళు కూడా అంతే.

మొదటి చుట్టంగా నేనే వస్తాను, నా కారులోనే. ఆ పిల్ల పరీక్ష నెగ్గుతుంది. నీ లీజు కాగితం మీద పల్లీలు తిందాం.

పుస్తకం తెరిచి ఉంచి, కళ్ళజోడు వెతుక్కుంటూ,
మీ బావ నీలకంఠం


జీడితోట, ఉద్దానం
31 అక్టోబరు 2024

బావా,

నీ ఉత్తరం లావు చూసి పోస్టుమాను "ఏటి బావూ, కోర్టు కాయితాలా?" అని అడిగాడు. కాదు, మా బావ ఊసుపోక రాసిందన్నాను. అతను జాలిపడ్డాడు.

నీ పుస్తకం ఎలుగు వేరు, మా ఎలుగు వేరు. మా దానికి కారు పిడి తెలీదు. ముక్కు తెలుసు. పుట్టలు తవ్వి చెదలు తింటుంది, జీడిపళ్ళు తింటుంది, అవి లేని రోజుల్లో ఊళ్ళోకి వస్తుంది. మొన్న రామమందిరంలో దీపం కుందిలో నూనె తాగి, వత్తి కూడా నమిలి పోయింది. అంతకుముందు అంగన్‌వాడీ తలుపు విరగ్గొట్టి నూనె ప్యాకెట్లు పట్టుకుపోయింది. దాన్ని తిట్టడానికి కూడా లేదు, కొండ మీద దాని తిండి మనమే కొట్టేశాం. సత్యశ్రీ ఈ సంగతి ఎరిగిందే. గేటు దగ్గర మూత బిగించే ఇనప డ్రమ్ము పెట్టింది, వచ్చినవాళ్ళ తిండి అంతా అందులోకే పోవాలని.

నా షరతు నీకు మొండితనంలా కనబడుతోంది. పోయినేడు పక్క ఊళ్ళో విత్తనాల వ్యాపారి వ్యాను తలుపు చీల్చేసింది ఎలుగు. ఆ మనిషి రోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంటే ఊరంతా చుట్టూ నిలబడింది. అతన్ని రాత్రికి ఉండమన్న ఇంటాయన ఇప్పటికీ తలెత్తి తిరగడు. ఇంటికొచ్చిన చుట్టం ఏడుస్తూ పోవడం నేను చూడలేను బావా. చెట్లు పోతే పోయాయి.

నువ్వు చుట్టంగా వస్తానన్నావు. వేరేగా ఎప్పుడొచ్చావని. నలభయ్యేళ్ళ నుంచి చుట్టంగానే వస్తున్నావు. కిందటిసారి తువ్వాలు పాతదిచ్చామని పెరట్లో అరుగు మీద అలిగి కూర్చుంటే, మా అమ్మ ఆ వయసులో సంతకి మనిషిని పంపించింది. ఈసారి కొత్త తువ్వాలు ముందే కొని ఉంచాను. ఊగని కుర్చీ కూడా ఉంది.

అక్కకి నా దండాలు. ఆమె ఒక్కతే వచ్చినా బాగానే ఉంటుంది.

ఎలుగుతో కాపరం చేస్తున్న
త్రినాథరావు


విశాఖపట్నం
8 నవంబరు 2024

త్రినాథా,

నీ ఉత్తరంలో వెటకారం పాలు ఎక్కువైంది, పంచదార తగ్గింది. అయినా క్షమించాను. పెద్దవాణ్ణి కదా.

ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయో చెప్తాను. పాతపట్నంలో కార్ల సీట్లు కుట్టే సిరాజ్ నీకు గుర్తుండాలి, మన పెద్దాడి పెళ్ళికి నీ మోటార్ సైకిలు సీటు కుట్టినవాడు. వాడికి ఓడల గుడ్డ తెచ్చిచ్చి కారు మొత్తానికి తొడుగు కుట్టమన్నాను. రెండు పొరలు, అంచున ఇత్తడి కళ్ళు, వాటిలో దూర్చి కట్టే తాళ్ళు. వాడు కొలతలు తీసుకుంటూ "ఎలుగు కోసమైతే కుట్టు గట్టిగా ఏత్తాను గానీ మావా, అది నిజంగా ఒత్తే ఈ గుడ్డేటి ఆపుద్ది?" అన్నాడు. శాస్త్రం తెలీనివాడితో వాదనెందుకని ఊరుకున్నాను. హారను కూడా మార్పించాను. నొక్కితే కుక్కలు మొరిగినట్టు వస్తుంది. నిన్న వీధిలో పరీక్షిస్తే నిజం కుక్కలన్నీ జవాబిచ్చాయి. ఎదురింటాయన ఇంకా నాతో మాట్లాడ్డం లేదు.

ముఖ్యమైంది కారు లోపల. పుస్తకం స్పష్టంగా చెప్పింది, వాసన వచ్చేదేదీ ఉండకూడదని. సీట్లకింద బిస్కెట్టు పొడి దులిపాను. పిప్పరమెంట్లు తీసేశాను. టూత్‌పేస్టు తీసేశాను. మీ అక్క తలనొప్పి మందు డబ్బా కూడా తీసేశాను, దానిమీద జరిగిన యుద్ధం రాయను. ఆ యుద్ధం వల్లే ఆవిడ రావడం లేదు, నేనొక్కణ్ణే వస్తున్నాను. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రోజూ మంచినీళ్ళతో కడిగే కారు అది, ఇప్పుడు లోపల కూడా ఆపరేషన్ థియేటరులా ఉంది. తినే వస్తువు ఆవగింజంత లేదు.

అంత దూరం పోతున్నానని మీ అక్క నిన్న సింహాచలం తీసుకెళ్ళి బండి పూజ చేయించింది. చక్రాలకింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్టుకి చందనం పెట్టించి, కొబ్బరి చిప్పలూ బెల్లం ముక్కా అరటిపళ్ళూ ఆకులో కట్టిన ప్రసాదమూ స్వామి బొమ్మ దగ్గర తన చేత్తోనే సర్దింది. దీపానికి తెచ్చిన ఆవునెయ్యి మిగిలితే ఆ సీసా కూడా అక్కడే పెట్టింది. మార్గమధ్యంలో కదపొద్దని ఆజ్ఞ. దేవుడు ముందు సీట్లో ఉంటే ఎలుగు వెనక సీటు దాకా ఎలా వస్తుంది చెప్పు.

కార్తీకం కాబట్టి కోడిని మాఫీ చేశాను. కంద పులుసు ఉంటే చాలు. కాళ్ళకి నీళ్ళు గోరువెచ్చగా ఉండనీ. ఇవి నా కోసం కాదు సుమా. పరీక్ష నిజమైనది కావాలంటే నన్ను అచ్చంగా చుట్టంలాగే చూడాలి. ఇంట్లో మనిషి వచ్చాడనుకుని ఏ మర్యాదా తగ్గించొద్దు, మళ్ళీ రేపు పరీక్ష చెల్లదంటావు.

వచ్చే శుక్రవారం భోజనాల వేళకి చేరేలా బయల్దేరుతున్న
నీలకంఠం


విశాఖపట్నం
18 నవంబరు 2024

త్రినాథా,

ఉద్దానం నుంచి ఆనందపురం దాకా నిలబడి వచ్చాను. అక్కడ, ఇల్లు దగ్గరపడ్డాక, ఒక పుణ్యాత్ముడు దిగితే కూర్చున్నాను. కారున్నవాడు బస్సులో నిలబడితే ఎలా ఉంటుందో నీకు తెలీదు. కండక్టరు సహా అందరూ నన్నే చూస్తున్నట్టుంది.

శనివారం తెల్లవారుతూనే నేను గుడారంలోంచి బయటికి వచ్చినప్పుడు కుక్కలు మొరుగుతున్నాయి. పల్లెటూరు కదా అనుకున్నాను. తీరా అది నా హారను. సిరాజ్ కుట్టిన తొడుగు ముందువైపు కర్టెనులా పక్కకి తీసి ఉంది, అద్దం పగిలి ఉంది, లోపల స్టీరింగు మీద నల్లటి వీపు. కుక్కల అరుపు దాని మీదే దానికి భయం పుట్టించిందో ఏమో, వెనక్కి తిరగబోయి సీటు చీల్చి, తలుపు రబ్బరు పీకి, అద్దంలోంచే దూకి పోయింది. తాపీగా పోయింది. అది నన్ను చూసిన చూపు నువ్వు చూడలేదు. మీ అక్క చూపే.

ఇప్పుడు అడుగుతాను, జవాబు చెప్పు. నా కారు పెట్టిన చోటికి పక్కనే చెదల పుట్ట ఉందా లేదా? ఎలుగులు పుట్టలు తవ్వి తింటాయని నువ్వే రాశావు. అలాంటప్పుడు అక్కడ పెట్టనిచ్చావంటే ఏమనుకోవాలి? నీకు గోడౌను ఆసామి మీద మనసు. కూతురి గుడారాలు కూలాలంటే ఒక చుట్టం కారు కావాలి. తేలిగ్గా దొరికినవాణ్ణి నేను. పుస్తకంలో ఉన్నవన్నీ చేశాను. గేటు దగ్గర సత్యశ్రీ "మావయ్యా, కారులో తినేవేటైనా ఉంటే డ్రమ్ములో ఎయ్యి" అని అడిగినప్పుడు, నన్నా అడుగుతున్నావు అని నవ్వాను కూడా.

ఇంకో సంగతి. అంత గందరగోళంలో నాకు కాఫీ కూడా ఎవరూ ఇవ్వలేదు. చుట్టానికి జరిగిన మర్యాద అది.

నిలబడి నిలబడి కాళ్ళు వాచిన
నీలకంఠం


జీడితోట, ఉద్దానం
21 నవంబరు 2024

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది.

కారు ఎక్కడ పెట్టాలో మీకు చెప్పగల మొనగాడు మా ఇంట్లో లేడు. గేటు పక్క చదును చేసిన చోటు చూపిస్తే, ఎండ పడి రంగు పోతుందని మీరే ఆ చెట్టుకిందికి తిప్పారు. పుట్ట ఉందని నేను రెండు సార్లు చెప్పాను. పుస్తకంలో పుట్ట గురించి లేదన్నారు. ఎలుగు ఆ పుట్టని ముట్టుకోలేదు. వచ్చి చూసుకోవచ్చు, మట్టిబెడ్డ కూడా కదల్లేదు.

మీ కారులో మాకు కనబడినవి రాస్తున్నాను. కొబ్బరి చిప్పలు, లోపల తెల్లగా నాకేసి ఉన్నాయి, కడిగినట్టు. బెల్లం కట్టిన కాగితం. అరటిపళ్ళ గుత్తి తొడిమ. ప్రసాదం ఆకు ముక్కలు. నేతి సీసా, మూత కొరికి ఉంది. స్వామి బొమ్మకి ఏమీ కాలేదు, కాకపోతే మొహం కిటికీ వైపు తిరిగి ఉంది.

గేటు దగ్గర మా అమ్మాయి మిమ్మల్ని అడిగింది. మీరు నవ్వారు.

షరతు షరతే. చుట్టం కారుకి గోరు తగిలింది. చుట్టం ఏడవలేదు గానీ బస్సెక్కి పోయాడు. అది ఇంకా చెడ్డగా ఉంది. కాఫీ సంగతి నిజమే, ఆ పొద్దున్న మా ఇంట్లో ఎవరూ తాగలేదు. గోడౌను ఆసామికి కబురు పెట్టాను, పోలిపాడ్యమి వెళ్ళిన మర్నాడు వస్తాడు. సత్యశ్రీ నాతో మాట్లాడ్డం మానేసింది. గుడారాలు మడుస్తోంది. మడిచినవి మళ్ళీ విప్పి మడుస్తోంది.

మీ కారు ఇక్కడే ఉంది. ఎప్పుడు తీసుకువెళ్తారో సెలవిస్తే మనిషిని పెడతాను.

ఇట్లు తమ విధేయుడు,
త్రినాథరావు


విశాఖపట్నం
25 నవంబరు 2024

త్రినాథా,

"గౌరవనీయులైన", "సెలవిస్తే", "తమ విధేయుడు". ఒరేయ్, నలభయ్యేళ్ళలో నువ్వు నన్ను మీరు అన్నది ఒక్క మా పెళ్ళినాడు, అదీ పురోహితుడు చెప్తే. నీ ఉత్తరంలో తిట్లు ఉండి ఉంటే హాయిగా చదువుకునేవాణ్ణి.

పోనీ, వాదన చేద్దాం. నేను కారులో తిండి లేదన్నాను. లేదు. ప్రసాదం తిండి ఎలా అవుతుంది? పూట గడవడానికి ప్రసాదం తింటామా? ఆకలేసి తింటామా? కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాం. ఉపవాసం ఉన్నవాడు కూడా పుచ్చుకుంటాడు. పుస్తకంలో రొట్టె, చేప, తేనె, సబ్బు, చివరికి పళ్ళపొడి కూడా ఉంది, ప్రసాదం అన్న మాట ఎక్కడా లేదు. నువ్వైనా, మీ అమ్మాయైనా, ఊళ్ళో మరెవరైనా ప్రసాదాన్ని తిండి కింద రాస్తారా చెప్పు.

ఎలుగుకి ఆ తేడా తెలీదు అంటావు. అది దాని చదువు లోపం.

నీలకంఠం


విశాఖపట్నం
28 నవంబరు 2024

త్రినాథా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు, నీ కూతురి చేతికిస్తున్నాను. ఇవాళ పొద్దున్న వచ్చింది. అత్తని చూడ్డానికి వచ్చానంది. నీకు చెప్పి వచ్చిందో లేదో నేను అడగలేదు.

నేను వరండాలో కూర్చుని, కారు ఉండాల్సిన ఖాళీ జాగా కేసి చూస్తున్నాను. అద్దాలు కడిగే గుడ్డ ఇంకా గోడ మీదే ఆరేసి ఉంది. ఆ పిల్ల వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. కారు గురించి ఏమీ అనలేదు. ప్రసాదం గురించీ అనలేదు. నేనే మొదలుపెట్టాను, పుస్తకం తెచ్చి పేజీ కూడా చూపించాను. అంతా విని అడిగింది:

"అదంతా సరే గానీ మావయ్యా, నాకొకటి సెప్పు. మొన్న మా ఇంటికి నువ్వు ఏటై వొచ్చినావు? సుట్టానివై వొచ్చినావా, ఇంటోడివై వొచ్చినావా?"

ఏం అడుగుతోందో నాకు వెంటనే అందలేదు. అప్పుడంది:

"నాన్న పెట్టిన సరతు సుట్టాల బండికే. ఇంటోళ్ళ బండికి కాదు. మా ట్రాక్టరు సీటు ఎలుగు పీకేసి పోతే నాన్న నవ్వీసి ఊరుకున్నాడు. నువ్వు ఇంటోడివే అని ఒక్క ముక్క రాసీ. నాను మరేటీ అడగను."

త్రినాథా, ఒక్క ముక్కే. మీ ఇంట్లో నాకు జరిగిన మర్యాదలన్నీ కళ్ళముందు తిరిగాయి. కాళ్ళకి నీళ్ళు, తువ్వాలు, ఊగని కుర్చీ, నేను లేచేదాకా ఎవరూ లేవకుండా పంక్తిలో కూర్చోవడం. పోర్టులో నన్ను గదమాయించని ఆఫీసరు లేడు. నేను క్రేను పైనుంచి దిగితే ఎవడూ కుర్చీ వెయ్యలేదు. నాకు పీట వేసింది లోకంలో మీ ఇల్లొక్కటే. అందుకే మొన్న ఊరకే వస్తానని రాయకుండా చుట్టంగా వస్తాననీ, అచ్చంగా చుట్టంలాగే చూడమనీ నొక్కి మరీ రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంది, చూపించి నన్ను ఓడించగలవు.

లోపల్నుంచి మీ అక్క అంది, "ఇంకా ఏటాలోసిత్తన్నావు? రాసీ." పూజ చేయించింది తనే. నెయ్యి సీసా పెట్టింది తనే. ఆ మాట ఎత్తే ధైర్యం మాత్రం నాకు లేదు.

రాస్తున్నాను. పదిహేనో తారీఖున మీ తోటకి వచ్చినవాడు చుట్టం కాడు. మీ ఇంటి మనిషి. ఇంటి మనిషి కారు ఎలుగు చీల్చింది, అది ఇంట్లో సంగతి. చుట్టాల బండ్లకి ఇంతవరకు ఏ హానీ జరగలేదు. కింద సంతకం చేస్తున్నాను. సాక్షి సంతకం మీ అక్కది.

ప్రసాదం విషయంలో నా వాదన మాత్రం అలాగే ఉంది.

మీ ఇంటి నీలకంఠం


జీడితోట, ఉద్దానం
16 డిసెంబరు 2024

బావా,

జవాబు ఆలస్యమైంది. గోడౌను ఆసామి వచ్చినప్పుడు నీ కాగితం చూపించాను. అతనికి అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదని కాఫీ ఇచ్చి పంపేశాను.

నీ కారు ఇప్పట్లో రాదు, బెంగ పెట్టుకోకు. రిపేరుకి పంపబోతే సత్యశ్రీ అడ్డం పడింది. తోసుకెళ్ళి గేటుకెదురుగా పెట్టింది, చీలిన సీటు రోడ్డుకి కనపడేలాగ. నాకు మొదట సిగ్గేసింది. ఈ ఆదివారం స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పు నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి, మొదటిసారి చుట్టాలు. మా అమ్మాయి అడిగింది, కార్లలో తినేవి ఏమైనా ఉన్నాయా అని. ముగ్గురూ లేవన్నారు. ఒకాయనైతే నవ్వాడు, అచ్చం నీలాగే.

అప్పుడు ఆయన నీ కారు చూశాడు. ఏమిటది అని అడిగాడు. మా మావయ్యది, అంది. అందులోనూ తినేవి ఏమీ లేవంది. స్వామి ప్రసాదం మాత్రం ఉండేదంది.

ఆయన వెనక్కి వెళ్ళి తన కారు తలుపు తీశాడు. మిగతా ఇద్దరూ కూడా వెళ్ళారు. బావా, ఆ డ్రమ్ము నువ్వు చూడాల్సింది. కొబ్బరి చిప్పలు, లడ్డూలు, బెల్లం, ఎప్పటిదో సత్యనారాయణ వ్రతం ప్రసాదం పొట్లం, ఒకావిడ హ్యాండ్‌బ్యాగులోంచి పటికబెల్లం. ఎవరూ అబద్ధమాడలేదు. తిండి అని ఎవరికీ తోచలేదు అంతే. నీ వాదనకి మూడు కుటుంబాల మద్దతు దొరికింది, సంతోషించు.

ఎలుగు ఇవాళ తెల్లవారుజామున వచ్చింది. అడుగులు కనపడ్డాయి. మూడు కార్ల చుట్టూ తిరిగి, చివరికి నీ కారులోకి తొంగిచూసి పోయింది. పాత పరిచయం కదా.

సత్యశ్రీ నాతో మాట్లాడుతోంది. కొత్త గుడారం కూడా ఒకటి వేసింది.

నువ్వు మళ్ళీ ఎప్పుడు వస్తావో రాయనక్కర్లేదు. ఇంటివాళ్ళు రాసి రారు. కొత్త తువ్వాలు టౌన్‌షిప్పు ఆయనకి ఇచ్చేశాం, ఊగని కుర్చీలో కూడా ఆయనే కూర్చున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు నూతిలో ఉన్నాయి. చేద అక్కడే గట్టు మీద ఉంటుంది.

త్రినాథ